మా దగ్గర అలాంటి పొరపాట్లు జరగవు

నాకు కోపం తొందరగా వస్తుందని అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. నా కోపం అసలు ఎక్కడికీ పోదు, ఇక కొత్తగా రావడమేమిటి? తాళాల షాపులో ఇరవై రెండేళ్ళుగా కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి అంతకంటే ఏం మిగులుతుంది చెప్పండి. మా షాపుకి నవ్వుతూ ఎవరూ రారు. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు వస్తారు, తలుపు బయట ఇరుక్కుపోయినవాళ్ళు వస్తారు, మొగుడితో పోట్లాడి తాళం మార్పించేవాళ్ళు వస్తారు, వారం తిరక్కుండా రాజీపడి పాత తాళమే బిగించమనేవాళ్ళు వస్తారు. అందరూ తమ తప్పు మా నెత్తిన రుద్దడానికే వస్తారు. అందుకే నన్ను కౌంటరులో కూర్చోబెట్టిన మొదటిరోజే నాన్న ఒక మంత్రం ఉపదేశించాడు.

"వచ్చినవాళ్ళు ఏమడిగినా సరే, ముందు 'మా దగ్గర అలాంటి పొరపాట్లు జరగవండి' అను. ఆ తర్వాత లోపలికెళ్ళి ఏం జరిగిందో చూడు."

ఆ మంత్రమే మా తమ్ముడి కొంప ముంచబోయింది.

తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. వాడికిప్పుడు ముప్పై నాలుగు. వాడి చేతిలో ఉన్న పనితనం నాన్న చేతిలో కూడా లేదు, ఈ సంగతి నాన్న ముందు అనకండి. తాళం ముందు కూర్చుంటే వాడికి లోకంతో పని లేదు. తాళం ముందు లేకపోతే వాడితో లోకానికి పని లేదు. పొద్దున పదింటికి "పక్కవీధిలో తలుపు తీసి ఇప్పుడే వస్తానక్కా" అని వెళ్తాడు. రెండు నిమిషాల్లో తలుపు తీస్తాడు. ఆ ఇంట్లో ఆగిపోయిన గోడగడియారం కంటబడుతుంది. దాన్ని విప్పుతాడు. దానికో స్క్రూ కావాలని బజారుకెళ్తాడు. బజారులో ఎవరిదో సైకిలు గొలుసు ఊడి ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంటావిడ ఫోను చేస్తుంది. "ఏమండీ, మీవాడి బూట్లు మా గుమ్మంలో ఉన్నాయి. మా గడియారం టేబులు మీద ముక్కలుగా ఉంది. మీవాడు మాత్రం లేడు."

నేనేమంటాను? "మా దగ్గర అలాంటి పొరపాట్లు జరగవండి" అంటూనే చెప్పుల్లో కాళ్ళు దూరుస్తాను.

ఇంత పనివాడికి ఒక్కటే కోరిక. బ్యాంకు లాకర్లూ పెద్ద ఇనప్పెట్టెలూ బాగుచేసే సర్టిఫికెట్ సంపాదించాలి. అది లేకపోతే బ్యాంకువాళ్ళు గుమ్మం కూడా తొక్కనివ్వరు. చేతిపని పరీక్షలో వాడికి నూటికి నూరు. రాతపరీక్ష దగ్గరే తల ప్రాణం తోకకొస్తోంది. మొదటిసారి ఎనభై ప్రశ్నల్లో పద్నాలుగు రాసి, పదిహేనో ప్రశ్నలో ఉన్న తాళాన్ని ఇంకా బాగా ఎలా చెయ్యొచ్చో మూడు పేజీల బొమ్మలు గీసి వచ్చాడు. రెండోసారి ముందు కుర్చీ కిర్రుమంటోందని దాని కిందికి దూరి నట్టు బిగించాడు, కాపీ కొడుతున్నాడనుకుని బయటికి పంపేశారు. మూడోసారి బుద్ధిగా అన్నీ రాశాడు. కాకపోతే ఒక జవాబు గడి వదిలేసేసరికి, అక్కణ్ణుంచి చివరిదాకా ఒక్కో జవాబూ ఒక్కో వరుస కిందికి పడింది. నాలుగుసార్లకు మించి రాయనివ్వరు. ఇక మిగిలింది ఒక్కటే.

అప్పుడు ఆ సర్టిఫికెట్ కోర్సు చెప్పే మాస్టారు వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాడట. "నీకు ఏడీహెచ్‌డీ, అదే, ధ్యాస ఒకచోట నిలవకపోవడం, ఉందేమో చూపించుకోవయ్యా. ఉంటే రిపోర్టు పట్రా. ఈ నెలాఖరులోగా ఇస్తే ఇంకో గంట టైమిస్తారు, విడిగా గదిస్తారు."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే నాన్న పెదవి విరిచాడు. "పరీక్ష రాయడానికి ఇంకో పరీక్షా? మా రోజుల్లో దాని పేరు బద్ధకం. దానికి మందు కూడా ఉండేది" అని అరచెయ్యి చూపించాడు.

తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. నాన్న లోపలికెళ్ళాక మాత్రం, తాళంచెవులు కోసే మిషను దగ్గర ఇనపరజను తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు. "టైము సంగతి అటుంచక్కా. నేను బద్ధకస్తుణ్ణో కాదో నాకు తెలియాలి. చిన్నప్పట్నుంచీ వింటున్నాను కదా."

"నోర్ముయ్యి. బద్ధకస్తుడు ఎవడైనా ఊరందరి గడియారాలూ విప్పుతాడా?" అన్నాను. కళ్ళు చెమర్చాయి. రజను పడిందని చెప్పాను.

అది ఉందో లేదో చూసే క్లినిక్కులో పేరు రాయిస్తే, వాళ్ళు ఒక ఫారం పంపారు. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్ళు నింపాలట. అమ్మ లేదు. నాన్న చేతికిస్తే ఒకే ముక్క రాస్తాడు. కాబట్టి నేనే కౌంటరు మీద పెట్టుకు కూర్చున్నాను, ఒకపక్క ఫోను, ఒకపక్క కస్టమర్లు, మధ్యలో యాభై నాలుగు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకే నాకు ఒళ్ళు మండింది. 'అవసరమైన వస్తువులు, ఉదాహరణకు తాళంచెవులు, పోగొట్టుకుంటాడా?' తాళాల షాపువాణ్ణి పట్టుకుని తాళంచెవులు పోగొట్టుకుంటావా అని అడుగుతారా! నిజానికి వాడి జేబులో తాళంచెవి రెండురోజులు నిలిచిందే లేదు. అయితే ఏమైంది? మా ఇంట్లో తాళంచెవి లేక ఎవరూ బయట నిలబడలేదు. నాన్న తలపిన్నుతో తీస్తాడు, తమ్ముడు చేతికేది దొరికితే దానితో తీస్తాడు, నేను కూడా పొట్లం కట్టేంతసేపట్లో తీస్తాను. ఇబ్బందే లేనప్పుడు పోగొట్టుకున్నట్టెలా అవుతుంది? 'ఎప్పుడూ లేదు' దగ్గర టిక్కు కొట్టాను.

'ఒప్పుకున్న పనికి ఆలస్యంగా వెళ్తాడా?' వెళ్ళడు, నేను తరుముతాను కాబట్టి. ఎప్పుడూ లేదు. 'మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా?' అప్పుడే ఒకాయన లోపలికొచ్చి, "మీవాడు మా గేటు సగం బిగించి పోయాడండీ" అన్నాడు. "మా దగ్గర అలాంటి పొరపాట్లు జరగవండి" అంటూ ఆయన ముఖం చూస్తూనే టిక్కు కొట్టాను. ఎప్పుడూ లేదు. చివరికి చూసుకుంటే టిక్కులన్నీ ఒకే వరుసలో చూడముచ్చటగా దిగాయి. నాకు నేనే శభాష్ అనుకుని కవరు అంటించాను.

క్లినిక్కుకి వాడితో నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే వాడు అక్కడిదాకా చేరతాడా? సైకాలజిస్టు ఒక పొట్టి ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది. అలాంటివాళ్ళంటే నాకు మొదట్నుంచీ భయం. వాణ్ణి అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెరమీద అక్షరాలు వస్తుంటే మీట నొక్కాలి, ఒక్క అక్షరం వచ్చినప్పుడు మాత్రం నొక్కకూడదు. పావుగంట. అంతే. ఆవిడ పక్కగదిలోకి వెళ్ళింది. నేను బయట బల్ల మీద కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను.

మూడు నిమిషాలు బాగానే నొక్కాడు. నాలుగో నిమిషంలో వాడి చూపు మూలనున్న ఇనపబీరువా మీదికి పోయింది. దాని పిడికి ఎవరో తాడు కట్టి లాగిన గుర్తులున్నాయి. 'వద్దురా, వద్దురా నాయనా' అనుకుంటున్నాను. ఐదో నిమిషంలో కుర్చీ ఖాళీ. అక్షరాలు వాటి మానాన అవి వస్తున్నాయి, పోతున్నాయి. మావాడు బీరువా ముందు గొంతుకూర్చుని చెవి ఆనించి వింటున్నాడు.

సైకాలజిస్టు తిరిగొచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. "మేడమ్, ఇది లోపల స్ప్రింగు విరిగిందండీ, మీ తప్పేం లేదు" అన్నాడు వాడు, ముఖం వెలిగిపోతుంటే. ఆవిడ గబగబా వచ్చి లోపలికి తొంగిచూసింది. మూడు నెలలుగా తెరుచుకోవడం లేదట. పై అరలో మూడు నెలల క్రితం ఆవిడ తెచ్చుకున్న మధ్యాహ్నం భోజనం డబ్బా ఉంది. వాడు దాని మూత కూడా తియ్యబోయాడు. "అది మాత్రం వద్దు!" అని ఆవిడ పెట్టిన కేకకి నేను బయట లేచి నిలబడ్డాను. మెత్తటి గొంతు అన్నాను కదా, వెనక్కి తీసుకుంటున్నాను.

వారం తర్వాత ఇద్దర్నీ పిలిచింది. ముందు నా ఫారం బల్ల మీద పెట్టింది.

"యాభై నాలుగు ప్రశ్నలకి యాభై నాలుగు 'ఎప్పుడూ లేదు'లు. ఇంత బుద్ధిమంతుణ్ణి నేను ఇంతవరకు చూడలేదండీ. నేను నింపుకుంటే నాకే ఒక ఇరవై 'అప్పుడప్పుడు'లు వస్తాయి" అంది. నేను పొగడ్త అనుకుని సర్దుకుని కూర్చున్నాను.

"అదే చిక్కు. ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక ఊడిపడేది కాదు, చిన్నప్పట్నుంచీ ఉండాలి. ఆ గదిలో నేను చూసింది ఒకటి, ఈ ఫారం చెప్పేది ఇంకొకటి. దీన్ని బట్టి ఇతనికి చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. నేను రిపోర్టు ఇవ్వలేను."

తమ్ముడు నా వైపు చూడలేదు. చేతులు చూసుకుంటూ, "అయితే బద్ధకమేనన్నమాట" అన్నాడు. అని నవ్వాడు. నాన్న ముందు నవ్వే నవ్వే అది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, తను దేనికీ పనికిరాడన్న తీర్పు విని మర్యాదగా నవ్వుతున్నాడు. ఆ తీర్పు మీద సంతకం నాది.

"ఆ ఫారం ఇటివ్వండి" అన్నాను.

"ఒకసారి ఇచ్చాక మార్చకూడదండీ."

"మార్చడం కాదు. అది షాపు తరఫున రాశాను. ఇప్పుడు అక్కగా చెప్తాను. ఒరేయ్, నువ్వు బయటికెళ్ళు. ఏదీ విప్పకు."

వాడు వెళ్ళాక ఆవిడ పెన్ను తీసుకుని ఒక్కటే అడిగింది. "ప్రతి 'ఎప్పుడూ లేదు' దగ్గరా, మీరు లేకపోతే ఏమయ్యేదో చెప్పండి."

ఇక చూడండి. కట్ట తెగింది. వాడు దేనికీ ఆలస్యం కాకపోవడానికి కారణం మా ఇంట్లో గడియారాలన్నీ ఇరవై నిమిషాలు ముందుకి తిప్పి ఉంచడమని చెప్పాను. రేడియోలో వార్తలు రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా చదువుతున్నారని నాన్న స్టేషనుకి రెండు ఉత్తరాలు రాశాడని కూడా చెప్పాను. వాడి హోంవర్కు వాడి చేతిరాతలోనే రాసేదాన్ననీ, ఆ వంకర 'ళ' ఇప్పటికీ నా సంతకంలో మిగిలిందనీ చెప్పాను. వాడు తలుపులు తీసి వచ్చిన ఇళ్ళకి సాయంత్రం నేను ఒక రౌండు వేసి స్క్రూడ్రైవర్లు ఏరుకొస్తానని చెప్పాను. ఆవిడ మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి రాసుకుంది.

"ఇదంతా ఎప్పుడు మొదలైంది?"

"వాడికి ఏడేళ్ళప్పుడు. బడిసంచి ఎక్కడో మర్చిపోయొచ్చాడు. నాన్న చెయ్యి చేసుకున్నాడు. వాడు ఏడవలేదండీ. ఇంకెప్పుడూ మర్చిపోను నాన్నా అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. మర్నాడు మళ్ళీ మర్చిపోయాడు. నాన్న ఇంటికి రాకముందే నేను పరిగెత్తుకెళ్ళి తెచ్చి మేకుకి తగిలించాను. వాడికి తెలియనివ్వలేదు. అప్పట్నుంచి ఇక ఆగలేదు."

"అప్పుడు మీకెన్నేళ్ళు?"

"పదిహేను."

ఆవిడ ఒక గ్లాసు మంచినీళ్ళు నా ముందుకి జరిపింది. నాకు దాహం లేదు, అయినా తాగాను.

రిపోర్టు నాలుగో రోజుకి వచ్చింది, మొత్తం నాలుగు పేజీలు. ఏడీహెచ్‌డీ ఉందని రాసింది. దాని కింద నేను చెప్పిన భాగవతమంతా రెండు పేజీలు. పుట్టి బుద్ధెరిగాక మావాడు నాలుగు పేజీలు కుర్చీలోంచి లేవకుండా చదవడం అదే చూడటం. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. తలెత్తి చూస్తే ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నేను బాగున్నాననుకున్న రోజులన్నీ నువ్వేనన్నమాట" అన్నాడు.

"ఏం, నేనైతే తప్పా?"

"మూడో క్లాసులో ఒక నెలంతా సంచి మర్చిపోలేదని ఎంత గర్వపడ్డానో తెలుసా! మర్చిపోయానని నాకు తెలియనిస్తే కదక్కా, గుర్తుపెట్టుకోవడం నేర్చుకునేది!"

"ఓహో! అయితే తన్నులు తిననిచ్చి ఉండాల్సింది!"

"తినేవాణ్ణి! నా తన్నులు నేను తినేవాణ్ణి!"

కౌంటరు ముందు ఒకావిడ చెయ్యెత్తి నిలబడింది. "మీ గొడవ న్యాయమైందేనండీ, కాని నా కారు లాకైపోయింది, లోపల కుక్క ఉంది." తమ్ముడు పోట్లాడుతూనే పనిముట్లు తీసుకున్నాడు, నేను పోట్లాడుతూనే వెంట వెళ్ళాను, వాడు రోడ్డు మీద నన్ను అనవలసినవన్నీ అంటూనే కారు తలుపు తీశాడు. కుక్క దిగి మా ఇద్దర్నీ చూసి మళ్ళీ కారెక్కింది.

తిరిగొస్తూ చల్లబడి అన్నాడు. "పరీక్షరోజు నువ్వేమీ చెయ్యకు."

"ఏమీ అంటే?"

"లేపకు. గుర్తు చెయ్యకు. వెంట రాకు. ఫోను చెయ్యకు. పోతే నా పరీక్ష పోతుంది. మాటివ్వు."

ఇచ్చాను. ఇచ్చిన క్షణం నుంచీ నాకు నిద్ర లేదు. పరీక్ష పోతుందనే కాదు, ఉన్నమాట చెప్పేస్తాను. వాడు గెలిస్తే ఊళ్ళు తిరిగి లాకర్లు బాగుచేసుకుంటాడు. నేనిక ఎవరి వెనక పరిగెత్తను? నలభై రెండేళ్ళొచ్చాయి, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

పరీక్షరోజు వాడు ఐదు అలారాలు పెట్టుకుని తనంతట తానే లేచాడు. పావు తక్కువ ఎనిమిదికి షాపు తెరిచాం. ఎనిమిదీ ఐదుకి వాడు పెన్నులు జేబులో పెట్టుకుని, నా వైపు ఒక చూపు చూసి బయల్దేరాడు. నేను తల వంచుకుని తాళంచెవులు లెక్కపెడుతున్నట్టు నటించాను. తలెత్తేసరికి మిషను మీద కవరు. గంట ఎక్కువ ఇస్తామనీ, విడిగా గదిస్తామనీ పరీక్షవాళ్ళు పంపిన ఉత్తరం. అది చూపించకపోతే పెద్ద హాల్లో, అందరితో పాటు, రెండే గంటలు. గేటు తొమ్మిదింబావుకి మూస్తారు. వాడింకా వీధి చివర మలుపు తిరగలేదు.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

నాన్న కూడా చూశాడు. "ఏమే, కళ్ళు కనపడటం లేదా? పరిగెత్తు!"

"పరిగెత్తను. మాటిచ్చాను."

"నీ మాట తగలెయ్య! వాడికిదే ఆఖరుసారి!" అని నాన్న కర్ర తీసుకుని కవరు కోసం లేచాడు. డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళు వంగవు. బద్ధకానికి అరచెయ్యే మందన్న మనిషి! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చటుక్కున లేచి అద్దాల తలుపు లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించాను. తాళాలు తీసేవాణ్ణి తాళం వేసి ఆపాలనుకున్నాను చూడండి, నా తెలివికి జోహార్లు. నాన్న నన్ను ఒక్క చూపు చూసి, పనిముట్ల సంచి తెరిచి, తలుపు ముందు పీట వేసుకు కూర్చున్నాడు. ఒకప్పుడైతే అరనిమిషం పని. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. పావుగంట తిట్టుకుంటూ కెలికాడు. అందులో సగం తిట్లు నాకు, సగం ఆ తాళం చేసినవాడికి.

ఎనిమిదీ ఇరవై ఐదుకి అద్దంలోంచి కనబడ్డాడు. తమ్ముడు. వీధి మధ్యలోంచి పరిగెత్తుకొస్తున్నాడు, చొక్కా అంతా చెమట.

"తొందరగా తియ్యి నాన్నా! వాడొస్తున్నాడు!" అని నేను గంతులేస్తున్నాను, గుప్పిట్లో తాళంచెవి పెట్టుకుని. నాన్న నా చెయ్యి చూసి అన్న మాట ఇక్కడ రాయను. అంతలో టక్కుమని తాళం నాన్న చేతిలోనే తెరుచుకుంది.

"కవరు మర్చిపోయాను!" అన్నాడు వాడు, పతకం తెచ్చినట్టు. "వంతెన దాకా వెళ్ళాక నాకే గుర్తొచ్చింది! నాకే!" కవరు తీసుకుని జేబులో పెట్టుకుని, గుండీ కూడా పెట్టుకున్నాడు. అప్పుడు తలుపు దగ్గర పీట, పనిముట్లు, నాన్నని, నన్ను వరసగా చూశాడు.

"నువ్వు చూశావా అక్కా దీన్ని?"

"చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు మలుపు తిరగకముందే."

"కేకేస్తే వినపడేది కదా."

"వినపడేది. ఏమీ చెయ్యొద్దన్నావుగా."

వాడు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి, "థాంక్స్ అక్కా" అన్నాడు. అని పరిగెత్తాడు.

ఇరవై ఏడేళ్ళు వాడి వెనక పరిగెత్తాను. సంచులు తెచ్చాను, బూట్లు తెచ్చాను, అబద్ధాలాడాను, గడియారాలు తిప్పాను. ఒక్క థాంక్స్ ఎరగను. వాడికి తెలిస్తే కదా చెప్పడానికి! ఆ రోజు ఇరవై నిమిషాలు గడప దాటకుండా ఊరికే ఉన్నందుకు చెప్పాడు. బావురుమని ఏడుపొచ్చింది. వీధిలో పోయేవాళ్ళు చూస్తారని అద్దాల తలుపు మూసి కర్టెను లాగబోయాను.

"ఏడిస్తే ఏడువు గాని, ఆ తాళం మాత్రం మళ్ళీ వెయ్యకే తల్లీ" అన్నాడు నాన్న.